17 జీబీల సస్పెన్సు ఖాతా

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడేవారు నా తరవాత ఉన్నారు. మీలో చాలామంది వారి కోసమే వచ్చారని నాకు తెలుసు. అందుచేత ఉపోద్ఘాతం పెట్టుకోకుండా విషయంలోకి వస్తాను.

మనలో సగం మంది ఇళ్ళల్లో ఇవాళ టాబ్ ఉంది. పిల్లలు కొనిచ్చిందో, అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయని మనమే కొనుక్కున్నదో. కొన్నాళ్ళు బాగానే పనిచేస్తుంది. ఒకనాడు తెర మీద "స్టోరేజ్ నిండిపోయింది" అని పడుతుంది. మనం అందులో పెట్టిందేమిటా అని చూస్తే నాలుగు ఫోటోలు, పది పాటలు. మరి మిగతా జాగా ఏమైంది? ఎవరు వాడుకున్నారు? ఈ ప్రశ్న మన సంఘం గదిలోనే నన్ను పదిమందికి తక్కువ కాకుండా అడిగారు. విడివిడిగా చెప్పేకన్నా అందరికీ కలిపి ఒకసారి చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు.

నేను కంప్యూటరు చదివినవాణ్ణి కాను. 1973లో తూర్పుగోదావరి జిల్లాలో ఒక తాలూకా ఆఫీసులో లోయరు డివిజన్ క్లర్కుగా చేరి, 2009లో రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్ళు రికార్డు రూము చూశాను. నేను చెప్పబోయేదంతా ఆ రికార్డు రూము తెలివే తప్ప వేరే విద్య ఏమీ లేదని ముందుగానే మనవి చేస్తున్నాను.

జాగా నిండితే నిండింది, ఫోటోలు తీయడం మానేద్దాం అని ఎవరైనా అనవచ్చు. ఆ వెసులుబాటు ఇప్పుడు మనకు లేదు. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ ప్రవేశపెట్టింది. 2021 నవంబరులో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. అంతకు ముందు వేలిముద్ర వేసేవాళ్ళం. మన వయసులో వేలిగీతలు అరిగిపోయి, ఎన్నిసార్లు నొక్కినా మిషను పట్టక, తడి గుడ్డతో తుడుచుకుంటూ నిలబడిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ముఖం పద్ధతి మనకు చాలా మేలు చేసింది. దానికి రెండు యాప్‌లు కావాలి. ఒకటి జీవన్ ప్రమాణ్, రెండోది ఆధార్ ఫేస్ ఆర్.డి. ఇవి అప్పుడప్పుడు కొత్త రూపం దించుకోమని అడుగుతాయి. టాబ్‌లో జాగా లేకపోతే దిగవు. అవి దిగకపోతే ముఖం పట్టదు. ముఖం పట్టకపోతే మనం బతికి ఉన్నట్టు కాగితం పుట్టదు. ఆ పైన ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కేంద్ర పెన్షనర్లకు నవంబరు నెల, మన రాష్ట్ర పెన్షనర్లకు ట్రెజరీ వారు చెప్పిన నెలలు. ఆ గడువులోగా టాబ్ పనిచేసి తీరాలి.

గడువు దగ్గర పడిన సమయంలో నా టాబ్ ఇదే పేచీ పెట్టింది. బజారులో ఒక దుకాణానికి పట్టుకెళ్ళాను. కుర్రవాడు మర్యాదస్తుడే. "తాతగారూ, రీసెట్ కొట్టేస్తానండి, రెండు నిమిషాల్లో కొత్తదానిలా అయిపోద్ది. లేదంటే ఇది ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. రీసెట్ అంటే ఏమిటి నాయనా అని అడిగాను. "మొత్తం తుడిచేయడమేనండి" అన్నాడు. టాబ్ సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

రికార్డు రూము నిండిపోయిందని ఏ తహసీల్దారు గారూ దానికి నిప్పు పెట్టమనలేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మా ఆఫీసు రికార్డంతా పంచాల్సి వచ్చింది. ఏ గ్రామం రికార్డు ఆ మండలానికి వెళ్ళాలి. ఎర్ర గుడ్డ మూటలు ఒక్కొక్కటీ విప్పి, దుమ్ము దులిపి, జాబితా రాసి, సంతకాలు పెట్టించి పంపాం. నెలల తరబడి పని. అప్పుడు బీరువాల వెనక, అటకల మీద దొరికిన మూటల్లో చాలా వరకు అసలు మా రికార్డే కాదు. ఎప్పుడో జరిగిన ఎన్నికల సామాను, వాడని ఫారాల కట్టలు, బదిలీ అయిపోయిన ఒక గుమాస్తా గారి సొంత పుస్తకాలు, ఆయన పిల్లల స్కూలు నోట్సులు. రోజూ చేతిలో ఆడే ఫైలు జాగా తినదు. ఎవరో చీటీ అంటించకుండా పెట్టిపోయిన మూట తింటుంది. టాబ్‌లోనూ సరిగ్గా అదే కనబడింది.

మొదట లెక్క తీయాలి. సెట్టింగ్స్‌లోకి వెళితే స్టోరేజ్ అని ఒక వరస ఉంటుంది. దాన్ని నొక్కితే శాఖల వారీగా ఖర్చు చూపిస్తుంది. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. నాది 64 జీబీ టాబ్. అందులో 62 వాడుకలో ఉన్నట్టు చూపించింది. సిస్టం 14, యాప్‌లు 18, ఫోటోలు 6, వీడియోలు 5, పాటలూ కాగితాలూ కలిపి 2. కూడితే 45. 62లోంచి 45 తీసేస్తే 17 మిగిలింది. ఆ 17కు ఎదురుగా 'ఇతరములు' అని ఉంది. నొక్కితే తెరుచుకోదు, వివరం చెప్పదు. నగదు పుస్తకం రాసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. పద్దు తెలియని సొమ్మును మనం ఎక్కడ పెట్టేవాళ్ళం? సస్పెన్సు ఖాతాలో. ఆడిట్ వారు వచ్చేలోగా దాన్ని తేల్చేవరకు నిద్ర పట్టేది కాదు. ఈ 17 జీబీ అచ్చంగా అలాంటిదే.

జీబీ అంటే ఎంతో తెలియనివారి కోసం ఒక్క మాట. ఒక జీబీ అంటే సుమారు వెయ్యి ఎంబీలు. ఫోనుతో తీసిన ఫోటో ఒకటి మూడు నుంచి అయిదు ఎంబీ ఉంటుంది. మంచి నాణ్యతతో తీసిన వీడియో నిమిషానికి వంద ఎంబీ దాటిపోతుంది. మనవరాలి డాన్సు పది నిమిషాలు తీస్తే ఒక జీబీ అయిందన్నమాట. డబ్బా మీద 64 అని రాసి ఉన్నా ఆ 64 మనవి కావు. టాబ్ తన సొంత కాపురానికి కొంత ముందే తీసేసుకుంటుంది. అదే సిస్టం. దాని జోలికి మనం వెళ్ళలేం, వెళ్ళకూడదు కూడా. జీతంలో కోతల్లాంటిది అనుకుని వదిలేయండి.

ఇక సస్పెన్సు. ఇందులో పెద్ద పద్దు ఎక్కడ దొరికిందో చెబితే మీకు నవ్వు వస్తుంది. తెరను పైనుంచి కిందికి రెండుసార్లు లాగితే గంట, టార్చి వగైరా బొమ్మలు వస్తాయి కదా, అక్కడ చిన్న గుండ్రటి మనిషి బొమ్మ ఒకటి ఉంది. రెండేళ్ళుగా ఉంది. దాన్ని నొక్కితే రెండు పేర్లు కనిపించాయి. ఒకటి నాది. రెండోది మా మనవడిది.

ఫోను ఒక మనిషిది, టాబ్ ఇంటిల్లిపాదిదీ అనే ఆలోచనతో ఆండ్రాయిడ్ తయారుచేసినవారు 2012లోనే టాబుల్లో ఒకరికి మించి వాడుకునే ఏర్పాటు పెట్టారు. యూజర్స్ అంటారు. కొన్ని కంపెనీల టాబుల్లో ఈ ఏర్పాటు ఉండకపోవచ్చు, చాలావాటిలో ఉంటుంది. ఒకే ఇంట్లో రెండు వాటాలు అనుకోండి. ఈ వాటాలో ఉన్నవారికి ఆ వాటాలో సామాను కనబడదు. ఫోటోలు వేరు, ఆటలు వేరు, తాళం కూడా వేరు. కరెంటు మీటరు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. రెండు వేసవుల క్రితం సెలవులకు వచ్చినప్పుడు మనవడు తన వాటా తాను కట్టుకున్నాడు. సెలవులు అయిపోయాయి, అబ్బాయి బెంగళూరు వెళ్ళిపోయాడు, సామాను ఉండిపోయింది. ఒక్కొక్కటి రెండేసి మూడేసి జీబీల ఆటలు, వాటి తాలూకు దించుకున్న సరంజామా, అన్నీ కలిపి 10 జీబీ.

ఇక్కడ కొందరు వెంటనే 'రిమూవ్ యూజర్' నొక్కేస్తారు. అది నొక్కితే ఆ వాటా నేలమట్టం. అందులో ఉన్నదేదీ తిరిగి రాదు. ఒక సెక్షను ఫైలును ఆ సెక్షను గుమాస్తాకు చెప్పకుండా మనం ఏనాడూ తీసేయలేదు కదా. మనవడికి ఫోను చేశాను. "తాతయ్యా, ఆటలు అక్కర్లేదు గానీ అందులో నా స్కూలు ప్రాజెక్టు వీడియోలు ఉన్నాయి, అవి ఇంకెక్కడా లేవు" అన్నాడు. తాళం అంకెలు చెప్పాడు. వాడు చెబుతుంటే నేను నొక్కుతూ వాటిని వాడి ఖాతాలోకి పంపాం. చేరాయని వాడు చూసుకుని "సరే తాతయ్యా, తీసెయ్" అన్నాక తీశాను. 17లో 10 తేలిపోయింది.

తరవాతి పద్దు చెత్తబుట్ట. ఫోటో తీసేశాం అనుకుంటాం, జాగా పెరగదు. ఎందుకంటే అది పోలేదు, బుట్టలో ఉంది. మన టేబులు కింద బుట్టలో వేసిన కాగితాన్ని ఊడ్చే మనిషి వచ్చేదాకా మళ్ళీ తీసుకోవచ్చు కదా, అలాగ. గూగుల్ ఫోటోస్‌లో తీసేసినవి, దాని ఆన్‌లైన్ ఖాతాకు ఎక్కినవైతే 60 రోజులు, ఎక్కనివైతే 30 రోజులు బుట్టలో ఉంటాయి. ఫైల్స్ యాప్ బుట్టలో 30 రోజులు. గడువు దాటితే వాటంతట అవే పోతాయి. తొందరగా కావాలంటే బుట్టలోకి వెళ్ళి ఖాళీ చేయాలి. ఖాళీ చేసేముందు మాత్రం ఒకసారి కళ్ళజోడు పెట్టుకుని చూడండి. నా బుట్టల్లో 3 జీబీ ఉంది.

మిగిలిన 4 జీబీ ఎక్కడ? వాట్సాప్‌లో వచ్చిన దినపత్రికలు. రోజూ తెల్లవారకుండానే ఎవరో మహానుభావులు రెండు పత్రికలు పీడీఎఫ్‌లుగా గ్రూపులో పెడతారు. ఒక్కొక్కటి 20 నుంచి 25 ఎంబీ. మూడు నెలలకు 4 జీబీ. ఇంటికి పత్రిక వేయించుకుంటూనే ఇవి కూడా పోగేస్తున్నాం. ఇంటికి వచ్చిన పత్రికైతే పాత పేపర్లవాడికి వేస్తే నాలుగు రూపాయలైనా వస్తాయి. టాబ్‌లో పత్రికకు అదీ లేదు.

అలా 17 జీబీల సస్పెన్సు తేలింది. కానీ వాట్సాప్ సంగతి ఇక్కడితో ఆపడానికి వీల్లేదు. పద్దు తెలిసిన ఖర్చులో కూడా దుబారా ఉంటుంది. ఫోటోల 6 జీబీలో నేను తీసినవి ఎన్ని? చూస్తే మూడో వంతు గుడ్‌మార్నింగ్‌లు. గులాబీ పువ్వు, కాఫీ కప్పు, సూర్యోదయం, దేవుడి పటం. ఒక్కో బొమ్మ నూట యాభై కేబీ అనుకోండి, చాలా చిన్నది. నాలుగైదు గ్రూపుల్లో కలిపి రోజుకు యాభై వస్తే ఏడాదికి పద్దెనిమిది వేల పైచిలుకు బొమ్మలు, 2.7 జీబీ. నేను కాగితం మీద గుణించి చెబుతున్నాను. ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. 2018 జనవరిలో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ భారతీయుల గుడ్‌మార్నింగ్ బొమ్మల వల్ల ఫోన్లు నిండిపోతున్నాయని పెద్ద వ్యాసమే వేసింది. అంతకు ముందు నెలే, 2017 డిసెంబరులో, గూగుల్ వారు ఫైల్స్ గో అనే యాప్ విడుదల చేశారు. ఈ బొమ్మలను గుర్తుపట్టి విడిగా చూపించడం దాని పనుల్లో ఒకటి. ఇప్పుడు దాని పేరు ఫైల్స్ బై గూగుల్. ఉచితమే. మన సంఘం గ్రూపు మీద నాకు గౌరవం ఉంది. పొద్దున్నే ఒకరి క్షేమం ఒకరికి తెలియడం మన వయసులో చిన్న విషయం కాదు. ఆ క్షేమం "నమస్కారం" అని అక్షరాల్లో పంపితే జాగా దాదాపు పట్టదని మాత్రం సవినయంగా మనవి చేస్తున్నాను. కొందరు ఇప్పుడు నా వైపు కోపంగా చూస్తున్నారు. సరే, ముందుకు వెళతాను.

వాట్సాప్ లోపల సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ అని ఉంది. అది తెరిస్తే 5 ఎంబీకి మించినవి ఒక కట్ట, చాలామంది చేతులు మారి వచ్చినవి ఒక కట్ట, ఆ కింద ఏ గ్రూపు ఎంత తింటోందో పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరసగా చూపిస్తుంది. ఎవరు పెట్టారో గానీ మంచి రికార్డు కీపరు పెట్టినట్టుంది. అక్కడే పైన మీడియా వాటంతట అవే దిగకుండా ఆపే ఏర్పాటు కూడా ఉంది. మొబైల్ డేటాకు వేరు, వైఫైకి వేరు. రెండూ ఆపేయండి. అప్పుడు బొమ్మ మసకగా కనబడుతుంది, కావాలని నొక్కితేనే దిగుతుంది. తపాలు మన చేతికి వచ్చాక కదా రిజిస్టరులో ఎక్కించేది.

ఈ ఫైళ్ళకు పేర్లు ఎలా ఉంటాయో గమనించారా? వాట్సాప్ ఫోటోకు ముందు ఐఎంజి అని, తరవాత సంవత్సరం, నెల, తేదీ ఎనిమిది అంకెలు, తరవాత డబ్ల్యుఎ అని, చివర నాలుగంకెల సంఖ్య. ఆ చివరి సంఖ్య ఆనాటి వరస సంఖ్య. మర్నాడు మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. అచ్చంగా మన తపాలు నంబరే. ఇది చూసినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఇంత క్రమంగా నంబర్లు వేసిన చోట వెతికితే దొరకనిదంటూ ఉండదు.

మాటల సందేశాలకు, అంటే వాయిస్ మెసేజిలకు, ఇదే పద్ధతిలో ముందు పిటిటి అని ఉంటుంది. అవి వాట్సాప్ వాయిస్ నోట్స్ అనే సంచిలో వారం వారానికి ఒక చిన్న సంచిగా దాచి ఉంటాయి. దుకాణం కుర్రవాడు తుడిచేస్తానంటే నేను ఇంటికి ఎందుకు తెచ్చుకున్నానో ఇప్పుడు చెబుతాను. మా ఇంటావిడ 2022లో కాలం చేసింది. ఆమెకు టైపు చేయడం ఇష్టం ఉండేది కాదు. బజారుకు వెళ్ళినా, హైదరాబాదులో అమ్మాయి ఇంటికి వెళ్ళినా, ఏది చెప్పాలన్నా ఆ మైకు బొమ్మ నొక్కి చెప్పేది. ఆమె నంబరు తరవాత తీసేశాం. ఆ మాటలు ఉన్నది ఈ టాబ్‌లో మాత్రమే. ఆ సంచుల్లో పేర్లు ఉండవు, తేదీలే. ఎవరి మాటో తెలియాలంటే వినాల్సిందే. నాలుగు సాయంత్రాలు కూర్చుని విన్నాను. 63 దొరికాయి. "ఏవండీ, వచ్చేటప్పుడు కరివేపాకు పట్రండి" అని ఒకటి. "బీపీ మాత్ర వేసుకున్నారా లేదా" అని పదో పన్నెండో. ఒకదాంట్లో ఆమె ఏమీ చెప్పలేదు. నొక్కి మరిచిపోయినట్టుంది, కుక్కరు కూత, వెనక రేడియో. అన్నీ కలిపి 5 ఎంబీ కూడా లేవు. ఒక దినపత్రికలో నాలుగో వంతు.

వాటిని ఓటీజీ తీగ తగిలించి పెన్‌డ్రైవులోకి ఒక ప్రతి తీశాను. అమ్మాయి కంప్యూటరుకు ఒక ప్రతి పంపాను. రెండు చోట్లా వినబడుతున్నాయని చూసుకున్నాకే టాబ్‌లో వేరే ఏదైనా ముట్టుకున్నాను.

రెవెన్యూలో పనిచేసినవారికి డిస్పోజల్ సంగతి తెలుసు. ఫైలు మూసేటప్పుడే దాని మీద రాసేవాళ్ళం. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాల్సింది. డి.డిస్. పదేళ్ళు. ఎల్.డిస్. కొద్ది కాలానికే పోయేది. ఫైలు లావుగా ఉందా సన్నగా ఉందా అని చూసి రాసేవాళ్ళం కాదు. సర్వే పటం ఒక్క కాగితమే, అది ఎప్పటికీ ఉండాలి. పంచాయతీ సమావేశం ఏర్పాట్ల ఫైలు ఇంత లావు, ఏడాది తిరిగితే దాని అవసరం ఉండదు. టాబ్ మాత్రం మనకు లావు ప్రకారమే చూపిస్తుంది. పెద్దది ముందు, చిన్నది వెనక. వెతకడానికి అది పనికొస్తుంది. తీసేయడానికి కూడా అదే వరస పట్టుకోకండి. ముందుగా ఒక కాగితం మీద మీ ఆర్.డిస్. రాసుకోండి. పెన్షను పేమెంటు ఆర్డరు ఫోటో, ఆధారు, బ్యాంకు పుస్తకం, ఇంటి దస్తావేజు, పిల్లల పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, మాటలు. వాటికి టాబ్ బయట ఒక ప్రతి చేయండి. ఆ తరవాత చీపురు పట్టుకోండి.

యాప్‌ల 18 జీబీ మాట మిగిలింది. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాను సైజు ప్రకారం పేర్చమంటే పేరుస్తుంది. యూట్యూబులో ప్రవచనాలు, పాత పాటలు డౌన్‌లోడ్ అని నొక్కి దాచుకుంటాం. అవి మన ఫోటోల్లో గానీ వీడియోల్లో గానీ కనబడవు, యూట్యూబు కడుపులోనే ఉంటాయి. దాని లోపలికే వెళ్ళి డౌన్‌లోడ్స్‌లో తీసేయాలి. నాకు అక్కడ 4 జీబీ వచ్చింది. విన్న ప్రవచనం మళ్ళీ వినాలంటే ఇంటర్నెట్టులో ఎలాగూ ఉంది.

ప్రతి యాప్ దగ్గర రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి. క్లియర్ కాష్ ఒకటి, క్లియర్ డేటా లేక క్లియర్ స్టోరేజ్ ఇంకొకటి. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే నా ఇరవై నిమిషాలూ సార్థకం. కాష్ అంటే ఆ యాప్ తన పని సులువు కోసం రాసుకున్న చిత్తు కాగితాలు. తీసేస్తే నష్టం లేదు, మళ్ళీ రాసుకుంటుంది. డేటా అంటే అసలు ఫైలు. అది తీసేస్తే ఆ యాప్ మిమ్మల్ని ఎరగనట్టే ప్రవర్తిస్తుంది. బ్యాంకు యాప్‌లో అది నొక్కితే మళ్ళీ నమోదు, మళ్ళీ ఓటీపీ, మళ్ళీ పిన్ను. వాట్సాప్‌లో నొక్కితే బ్యాకప్ లేనివాళ్ళ సంభాషణలన్నీ పోతాయి. అందుకని కాష్ వరకే. నాకు దానివల్ల ఒకటిన్నర జీబీ కలిసొచ్చింది.

వాడటం లేదనుకున్న యాప్‌లు తీసేయడం మంచిదే. ఆధార్ ఫేస్ ఆర్.డి. జోలికి మాత్రం పోకండి. అది మనం తెరిచి వాడేది కాదు, వెనకాల ఉండి పనిచేసేది. "ఇదేమిటో నేనెప్పుడూ తెరవలేదే" అని తీసేస్తే లైఫ్ సర్టిఫికెట్ నాడు మళ్ళీ మొదటికి వస్తుంది.

గూగుల్ నుంచి "మీ స్టోరేజ్ నిండింది" అని వచ్చే ఉత్తరం వేరు, టాబ్ నిండటం వేరు. అది గూగుల్ వారి దగ్గర మనకున్న ఉచిత జాగా, 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ అందులోనే. వాట్సాప్ బ్యాకప్ 2024 నుంచి దాని లెక్కలోకి వచ్చింది. ఇది ఖాళీ చేస్తే అది తగ్గదు, అది ఖాళీ చేస్తే ఇది తగ్గదు. ట్రెజరీ ఖాతా, మన బ్యాంకు ఖాతా లాంటివి.

"మీ టాబ్ నిండా వైరస్, వెంటనే శుభ్రం చేయండి" అని ఎర్ర అక్షరాలతో మధ్యలో పైకి లేచేవి ప్రకటనలు. వాటిని నొక్కవద్దు. శుభ్రం చేసే యాప్ అని అవి దించేది ఇంకో మూట. ఎవరైనా ఫోను చేసి, మేం ఇక్కడినుంచే బాగుచేస్తాం, ఈ యాప్ పెట్టుకుని అంకెలు చెప్పండి అంటే, చెప్పారా, మీ తెర వాళ్ళ చేతిలో ఉంటుంది, మీ బ్యాంకుతో సహా. డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. అది సైబరు మోసాల ఫిర్యాదు నంబరు. మెమరీ కార్డు కొనేవారు రసీదు ఇచ్చే దుకాణంలో కొనండి. రోడ్డు మీద చవకగా అమ్మే కార్డుల్లో పైన రాసినంత జాగా లోపల ఉండనివి ఉంటాయి.

లెక్క ముగిస్తాను. రెండో వాటా 10, బుట్టలు 3, పత్రికలు 4, యూట్యూబు 4, కాష్ ఒకటిన్నర, గుడ్‌మార్నింగ్‌లు 2. మొత్తం 24న్నర. 62 ఉన్నది 38కి దిగింది. వారం పట్టింది, రోజుకు గంట. ఖర్చు పెన్‌డ్రైవు వెల. రెండు యాప్‌లూ కొత్త రూపం దించుకున్నాయి. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని ముఖం చూపిస్తే, రెప్ప వేయమంది, వేశాను, లైఫ్ సర్టిఫికెట్ వచ్చింది. కొత్త టాబ్ కొనలేదు.

కళ్ళు సరిగా కనిపించనివారు, చెయ్యి వణికేవారు ఇది ఒంటరిగా చేయాల్సిన పని లేదు. బుధవారాలు సాయంత్రం నాలుగింటి నుంచి నేను సంఘం గదిలో ఉంటాను. టాబ్‌తో పాటు ఛార్జరు తెచ్చుకోండి, తాళం అంకెలు గుర్తు చేసుకుని రండి, నాకు మాత్రం చెప్పకండి, మీరే నొక్కండి. ఇంట్లో పిల్లలు గానీ మనవలు గానీ ఆ టాబ్ వాడి ఉంటే వాళ్ళకు ముందుగా ఫోను చేసి, అందులో వాళ్ళది ఏమైనా ఉందేమో కనుక్కుని మరీ రండి. డి.ఎ. గురించి మాట్లాడవలసిన పెద్దలు గడియారం చూస్తున్నారు. సెలవు.